మాస్టారు విన్న పియానో

నయోమి చిటికె వేసింది. గాజు పెట్టెలో గడ్డి నములుతున్న గినీ పంది నమలడం ఆపి, తల తిప్పి ఆమె వేళ్ళ వైపు చూసింది.

ల్యాబులో ఉన్నవాళ్ళంతా గాజు పెట్టె చుట్టూ మూగారు. ఆ జంతువుకి చెవులు పోయి చాలా రోజులైంది. పోగొట్టింది వీళ్ళే. క్షయ జబ్బుకి ఒకప్పుడు విరివిగా ఇచ్చిన ఇంజెక్షన్లు కొందరి వినికిడిని మింగేసేవి. నయోమి ప్రయోగానికి ఏరికోరి ఆ మందే తీసుకుంది. అదే ఎందుకని ఎవరైనా అడిగితే, ఫలితం ఖాయంగా వస్తుంది కాబట్టి అనేది. అసలు సంగతి వేరు. వాళ్ళ నాన్న మేకల దేవసహాయం మాస్టారి చెవులు పోయింది ఆ ఇంజెక్షన్లతోనే.

"ఇంకోసారి వెయ్యండి మేడమ్," అంది ఫర్జానా. వినికిడి పరీక్షలన్నీ చూసుకునే డాక్టరు ఆమె. దేన్నీ ఒక్కసారికి నమ్మే మనిషి కాదు.

నయోమి ఇంకోసారి వేసింది. గినీ పంది ఈసారి చెవులు నిక్కించి రెండడుగులు దగ్గరికొచ్చింది. ఫర్జానా ముక్కు మీదికి జారిన కళ్ళజోడు తీసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మేడమ్, ఇవాళ క్యాంటీన్ టీ తాగొద్దు. బయటికెళ్ళి మంచి బిర్యానీ తిందాం," అంది.

మనిషి చెవి లోపల నత్తగుల్లలాంటి గూట్లో సన్నటి నూగున్న కణాలుంటాయి. శబ్దం తగిలితే ఆ నూగు వంగుతుంది. వంగితేనే మనకి వినిపిస్తుంది. ఒకసారి చచ్చాయంటే మళ్ళీ పుట్టవు. వాటి పక్కన ఆసరాగా నిలబడే మామూలు కణాలని బతిమాలి, బుజ్జగించి, వాటికే నూగు మొలిపించే మందు కోసం నయోమి తన వయసంతా పెట్టింది. మొలిచిన వాటిని ల్యాబులో అందరూ ముద్దుగా మొలకలనేవారు.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. మామూలు గదిలో ఉంచిన జంతువులు కొద్ది రోజులకే మళ్ళీ చెవిటివైపోయాయి. దళసరి దూది గోడల మధ్య, చప్పుడు లేకుండా ఉంచినవి మాత్రం వారాల తరబడి వింటూనే ఉన్నాయి. నయోమికి విషయం అర్థమైంది. మొలకలు విన్నకొద్దీ అరిగిపోతున్నాయి. గుసగుసకి కొంచెం, కేకకి చాలా. పైగా ఆసరా కణాలన్నీ మొలకలుగా మారిపోయాక, మళ్ళీ మొలిపించడానికి అక్కడ ఏమీ మిగలడం లేదు.

ఈ సంగతి ఆమె ఇంట్లో భోజనాల దగ్గర చెప్పింది. పెదవాల్తేరులో తండ్రీ కూతుళ్ళిద్దరే ఉండేవారు. తల్లి పోయి చాన్నాళ్ళైంది. దేవసహాయం మాస్టారు కూతురి పెదవులు చూసి మాట పట్టేవాడు. ఆమె పని గురించి రోజూ అడిగేవాడు, రోజూ వినేవాడు. చెవులున్నవాళ్ళెవరూ ఆమె మాట అంత శ్రద్ధగా వినేవారు కాదు.

"అయితే మనుషులకెప్పుడిస్తారు?" అన్నాడు పప్పులో నెయ్యి కలుపుకుంటూ.

"కొద్దిమందికి ఇవ్వడానికి, ప్రయోగాలకి అనుమతులిచ్చే సంఘం ఒప్పుకుంది నాన్నా. బొత్తిగా వినపడనివాళ్ళకి, అన్నీ తెలిసి ఒప్పుకున్నవాళ్ళకి. కానీ లోపం చెప్పాను కదా."

"మళ్ళీ చెప్పు."

నయోమి ఆయన వైపు తిరిగి, నెమ్మదిగా పెదవులు కదిపింది. "విత్తనాలకని దాచుకున్న వడ్లు దంచి వండుకున్నట్టు. ఒక్క పూట కడుపు నిండుతుంది. ఆ తర్వాత పొలంలో చల్లుకోవడానికి గింజ ఉండదు. ఐదారేళ్ళు ఓపిక పడితే అరగని మొలకలు తెస్తాను. ఇప్పుడు ఇవి వేయించుకున్నవాళ్ళకి అవి పనిచెయ్యవు."

మాస్టారు అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని ఆలోచించాడు. "జెరూషా కచేరీ వచ్చే నెలాఖరునే గదా," అన్నాడు.

నయోమి తల అడ్డంగా ఊపింది. "వద్దు నాన్నా."

"నా పేరు రాసుకో."

జెరూషా ఆయన చిన్న కూతురు. చెన్నైలో పియానో నేర్పుతుంది, దేశమంతా తిరిగి కచేరీలిస్తుంది. ఆమె రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మాస్టారికి జబ్బు చేసింది. అప్పుడాయన గుంటూరులో ఒక మిషన్ బడిలో సంగీతం చెప్పేవాడు. జబ్బు పోయింది, చెవులూ పోయాయి. బడివాళ్ళు ఆయన్ని లైబ్రరీకి మార్చారు. హాల్లో పియానో మాత్రం అలాగే ఉండిపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పియానో ముందు జెరూషాని కూర్చోబెట్టి, వినపడని మనిషి పాఠం మొదలుపెట్టాడు. ఎడమ అరచెయ్యి పియానో చెక్క మీద ఆనించేవాడు. కళ్ళు పిల్ల మణికట్టు మీద ఉండేవి. "చెయ్యి కుంగింది, లేపు," "నాలుగో వేలు దొంగతనం చేస్తోంది," "పియానో మెట్టుని కొట్టకే, బతిమాలి అడుగు," అనేవాడు. బాగుందని మాత్రం ఎప్పుడూ అనలేదు. ఆయనకి తెలిస్తే కదా. నయోమి కిటికీ దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంటూ అదంతా చూసేది. చెల్లెలి పాట నాన్నకి తప్ప బడి ఆవరణలో అందరికీ వినపడేది. అదేం న్యాయమో ఆ వయసులో ఆమెకి అర్థమయ్యేది కాదు. బహుశా ఆమె పరిశోధన అప్పుడే మొదలై ఉంటుంది.

మర్నాడు పొద్దున నయోమి ఇంకో దారి చూపించింది. "మొలకలు వేద్దాం. కచేరీకి మాత్రం వద్దు. జెరూషా వాయించింది రికార్డు చేసి తెస్తాను. ఇంట్లో తక్కువ సౌండులో రోజూ కొంచెం కొంచెం విను. నెలలు వస్తుంది."

"టీవీలో వంటల కార్యక్రమం చూసి కడుపు నింపుకోమంటావా?"

"వెటకారం వద్దు నాన్నా."

"వెటకారం కాదే." మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "పాట కోసమైతే నాకు చెవులక్కర్లేదు. ఆ పాటలన్నీ నా లోపల ఉన్నాయి. స్టేజీ మీద అది ఒక్కతే కూర్చుంటుంది. పక్కన వయొలిన్ ఉండదు, మృదంగం ఉండదు. తప్పొస్తే కప్పేవాడుండడు. అలా ఒంటరిగా కూర్చున్నప్పుడు దాని చేతిలోంచి వచ్చేది ఏమిటో, అందులో నేను నేర్పింది ఎంతుందో, అక్కడే కూర్చుని తెలుసుకోవాలి. సరిగ్గా నేర్పానా, పిల్లని పాడుచేశానా అని ఇన్నేళ్ళు లోలోపలే నలిగాను. రికార్డులో తప్పులు దిద్దుకుంటారు. స్టేజీ మీద దిద్దుకోలేరు."

"ఐదేళ్ళు ఆగితే శాశ్వతంగా వినొచ్చు."

"నా ఊపిరితిత్తుల ఫొటో నువ్వూ చూశావు. అందులో ఐదేళ్ళున్నాయా?"

ఆ ఫొటోలో ఏముందో డాక్టర్లకంటే నయోమికే బాగా తెలుసు.

సొంత తండ్రి కేసు ఆమె చూడకూడదని సంఘం అంది. మాస్టారిని ఫర్జానాకి అప్పగించారు. నయోమి అద్దం అవతల కూర్చుని యంత్రం చూసుకోవచ్చు, అంతవరకే. ఇంజెక్షన్ చెవి వెనక నుంచి ఇచ్చారు. మొలకలు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా, ఆ తర్వాత కూడా, చెవుల్లో మైనం లాంటి మెత్తటి బిరడాలు, వాటి మీద శబ్దాన్ని అడ్డుకునే టోపీ. ల్యాబు వెనక దూది గోడల గదిలో నివాసం.

అన్నిటికన్నా కష్టమైన నిబంధన మాస్టారికి తర్వాత తెలిసింది. ఆయన మాట్లాడకూడదు. మనిషి గొంతు బయటి నుంచే కాదు, ఎముకల గుండా కూడా చెవిలోకి పోతుంది. బిరడాలు దాన్ని ఆపలేవు. జంతికలు, అప్పడాలు, వేయించిన శనగలు కూడా బంద్. పెరుగన్నం, ఇడ్లీ, మెత్తగా ఉడికిన గుమ్మడికాయ కూర. ఆయన పలక మీద పెద్ద అక్షరాలతో "ఇది చెవుల వైద్యమా, పళ్ళు లేనివాళ్ళ ఆశ్రమమా?" అని రాసి ఫర్జానాకి చూపించాడు. ఆమె నవ్వు ఆపుకోలేక గదిలోంచి బయటికి పరిగెత్తింది.

పరీక్ష రోజు వచ్చింది. మొలకలు వచ్చాయో లేదో తెలియాలంటే ఒకటి రెండు శబ్దాలు ఖర్చు పెట్టక తప్పదు. నయోమి అద్దం అవతల యంత్రం ముందు కూర్చుంది. ఫర్జానా బిరడాలు తీసింది. సన్నటి ఈల లాంటి శబ్దం వదిలింది. మాస్టారు కదల్లేదు. ఇంకొంచెం పెంచింది. అప్పుడు ఆయన వేళ్ళు కుర్చీ చేతుల్ని బిగించి పట్టుకున్నాయి.

ఫర్జానా ముందుకు వంగి, చాలా నెమ్మదిగా, "మాస్టారూ, వినపడుతోందా?" అంది.

ఆయన ఆమె పెదవుల వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. మూసుకునే తలూపాడు. మూసిన రెప్పల కింది నుంచి కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. తర్వాత కళ్ళు తెరిచి అద్దం వైపు చూశాడు. ఏదో ఎదురు చూస్తున్నట్టు చూశాడు.

నయోమి ముందు మైకు ఉంది. మీట నొక్కి ఒక్క మాట అంటే చాలు. నాన్నా అంటే చాలు. పదేళ్ళప్పటి గొంతు తప్ప ఆయనకి ఆమె గొంతు తెలియదు. కానీ మొలకలు ఇంకా ఎన్ని మిగిలాయో చూపించే గీత తెర మీద అప్పటికే కాస్త దిగింది. ప్రతి శబ్దం చెల్లెలి కచేరీలోంచి కోసుకున్న ముక్కే. ఆమె మీట మీద నుంచి చెయ్యి తీసేసి, ఫర్జానాకి బిరడాలు పెట్టమని సైగ చేసింది.

తన గొంతుకి వేరే రోజు ఉందని ఆమె అనుకుంది. లెక్క కూడా వేసుకుంది. కచేరీ పూర్తయ్యాక, చప్పట్లు మొదలు కాకముందే బిరడాలు పెట్టేస్తే, మొలకల్లో కొంత మిగులుతుంది. పెద్ద శబ్దాల జోలికి పోకపోతే ఆ కొంతతో సాయంత్రాలు డాబా మీద కూర్చుని నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు. ఆయన పెదవుల వైపు చూడక్కర్లేదు. ఇద్దరూ సముద్రం వైపు చూస్తూ మాట్లాడుకోవచ్చు. ఈ కోరిక ఆమె ఎవరికీ చెప్పలేదు. ఫర్జానాకి మాత్రం ఆ లెక్క చూసి అర్థమైపోయింది.

కచేరీకి ముందు రోజు జెరూషా చెన్నై నుంచి నేరుగా దూది గోడల గదికి వచ్చింది. తండ్రి పాదాల దగ్గర కింద కూర్చుని, ఆయన చేతులు తన చేతుల్లోకి తీసుకుని గోళ్ళు చూసింది. చిన్నప్పుడు పాఠానికి ముందు ఆయన ఆమె గోళ్ళు అలాగే చూసేవాడు. మాస్టారు నవ్వి ఆమె నెత్తిన మొట్టాడు. నయోమి ల్యాబులోకి వెళ్ళి వచ్చేసరికి ఇద్దరూ పలక మీద ఏదో గబగబా రాసుకుని చెరిపేస్తున్నారు. ఆమెని చూసి చిన్నపిల్లల్లా పలక వెనక్కి దాచారు.

"ఏంటే ఆ గూడుపుఠాణీ?" అంది నయోమి.

"ఏం లేదక్కా. ఏ చీర కట్టుకోవాలా అని," అంది జెరూషా. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ప్రయాణం బడలిక అనుకుంది నయోమి.

ముగ్గురూ కలిసి పద్ధతి మాట్లాడుకున్నారు. హాల్లో మైకులుండవు. చివరి స్వరం అయ్యాక జెరూషా చేతులు మెట్ల మీద నుంచి తీయదు. చేతులు లేవనంతసేపు వినేవాళ్ళు చప్పట్లు కొట్టరు. ఆ వ్యవధిలో నయోమి బిరడాలు పెట్టేస్తుంది. పెట్టాక తల ఊపుతుంది. అప్పుడు జెరూషా లేస్తుంది.

బీచ్ రోడ్డులోని సాగర వేదిక సాయంత్రానికి నిండిపోయింది. మాస్టారు తెల్ల చొక్కా మీద పాత నల్ల కోటు వేసుకున్నాడు. మరీ ముందు వరసల్లో శబ్దం ఎక్కువని నయోమి మధ్య వరసలో సీట్లు తీసుకుంది. ఆయనకి ఒక పక్క తను, ఇంకో పక్క ఫర్జానా. చెవి వెనక అంటించిన చిన్న గుండీ మొలకల పరిస్థితిని నయోమి ఫోనుకి పంపుతూ ఉంటుంది. మనిషి చెవిలో మొలకలు నిజమైన సంగీతానికి ఎలా అరుగుతాయో ఇంతవరకు ఎవరూ చూడలేదు. అరగని మొలకలు తయారుచెయ్యాలంటే ఆ గీత కావాలి. "నా చెవులు ఎటూ పోయేవే. పోతూ పోతూ నలుగురికి దారి చూపిస్తే మంచిదే గదా," అని ఆయన పలక మీద రాసిచ్చాడు.

హాల్లో దీపాలు తగ్గాయి. జెరూషా నీలం పట్టు చీర కొంగు నడుముకి దోపుకుని వచ్చింది. నమస్కారం పెట్టి, పియానో ముందు కూర్చుని, ఒడిలో చేతులు పెట్టుకుంది. మాస్టారు టోపీ తీశాడు. ఫర్జానా బిరడాలు తీసింది. ఎవరో దగ్గారు. ఆయన ఉలిక్కిపడ్డాడు.

మొదటిది నెమ్మదైన సొనాటా. ఎప్పుడో పాతకాలంలో జర్మనీలో ఎవరో రాసింది, గుంటూరు బడి హాల్లో ఎండాకాలం సెలవులన్నీ జెరూషా సాధన చేసింది. మాస్టారి కుడిచేతి వేళ్ళు తొడ మీద వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. కూతురి వేళ్ళతో సమానంగా నడిచాయి. ఆయన ముఖం మాత్రం పాఠం చెప్పే మాస్టారి ముఖంలాగే కఠినంగా ఉంది. కళ్ళు చిట్లించి, ఒక్కో స్వరాన్నీ పట్టి చూస్తున్నాడు.

నయోమి పాట వినడం లేదు. ఫోను మీద గీత చూస్తోంది. అది మెట్లు మెట్లుగా దిగుతోంది. కుడిచేత్తో జెరూషా పై స్థాయిలో ఏదో వాయించింది, గీత వణికింది. ఎడమచేత్తో కింది మెట్లు గట్టిగా నొక్కింది, గీత జారింది. ప్రతి జారుడికీ నయోమి లెక్కపెట్టుకుంది. డాబా మీద సాయంత్రాల్లోంచి ఒకటి పోయింది, ఇంకోటి పోయింది.

అంతలో ఒక పెద్ద అరచెయ్యి వచ్చి ఫోను మీద పడింది. మాస్టారు దాన్ని బోర్లా తిప్పి ఆమె ఒళ్ళో పెట్టాడు. గొంతు రాకుండా పెదవులు మాత్రం కదిపాడు. 'నువ్వూ విను.'

ఆమె తలెత్తి చెల్లెలి వైపు చూసింది. అప్పుడు విన్నది. జెరూషా ఒక స్వరాల గుత్తి వాయించి చేతులు గాలిలోకి లేపింది. చేతులు లేచాక కూడా, కాలితో పెడల్ నొక్కి ఉంచినంతసేపు ఆ నాదం ఆగలేదు. హాలంతా నిలబడి, మెల్లగా పల్చబడి, ఆఖరికి ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. ఆ మౌనం మీదికే జెరూషా తర్వాతి స్వరాన్ని వాన చినుకులా వదిలింది.

మాస్టారు ముందుకు వంగాడు. కోటు జేబులోంచి చిన్న పలక తీసి, చీకట్లోనే గీకి ఆమెకి చూపించాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

'పెడల్. దాని పని కంటికి కనిపించదు. నేను నేర్పలేకపోయాను. ఇది దాని సొంతం.'

ఆయన ముఖంలో మాస్టారు మాయమైపోయాడు. తండ్రి ఒక్కడే మిగిలాడు. తను నేర్పింది ఎంతో చూద్దామని వచ్చిన మనిషి, తను నేర్పనిది విని ఛాతీ ఉబ్బించుకుని కూర్చున్నాడు. నలిగిన కోటు భుజాలు కూడా నిటారుగా నిలబడ్డాయి.

విరామానికి జెరూషా చేతులు లేపకముందే ఫర్జానా బిరడాలు పెట్టింది. జనం మధ్య ఆయన టీ కూడా తాగకుండా, కుర్చీలోంచి కదలకుండా, పెట్టెలో బంగారం ఉన్నట్టు తలని జాగ్రత్తగా పట్టుకుని కూర్చున్నాడు. నయోమి ఫోను చూసింది. మిగిలిన భాగం ఆమె లెక్కకంటే తక్కువే. అయినా కొంత మిగులుతుంది. గుసగుసలకి సరిపోతుంది.

రెండో భాగంలో ఒకటే పాట. పెద్దది, తుఫానులాంటిది. జెరూషా భుజాల నుంచి వాయించింది. నుదుటి మీద జుట్టు అంటుకుపోయింది. ఒకచోట వేలు తప్పింది, సంగీతం తెలిసినవాళ్ళకే తెలిసేంత చిన్న తప్పు. మాస్టారికి తెలిసింది. ఆయన కనుబొమ్మ లేచింది. కానీ ఆమె ఆగలేదు, తొట్రుపడలేదు. ఆ తప్పు స్వరాన్నే మరుసటి వరసలో కావాలని వాయించినట్టు మళ్ళీ తాకి, దాన్ని పాటలో కలిపేసుకుంది. మాస్టారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని శబ్దం లేకుండా నవ్వాడు. భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. కప్పేవాడెవడూ లేనిచోట పిల్ల తనని తాను నిలబెట్టుకుంది.

తుఫాను నెమ్మదించింది. చివరి పుటలో ఒక్కొక్కటిగా స్వరాలు రాలాయి. ఆఖరిది, ఎంత మెల్లగా అంటే, పడిందో లేదో అన్నంత మెల్లగా పడింది. జెరూషా చేతులు మెట్ల మీదే ఉండిపోయాయి. హాల్లో ఊపిరి తీసుకున్న శబ్దం కూడా లేదు.

నయోమి బిరడాల డబ్బీ మూత తీసింది. మాస్టారు ఆ డబ్బీ మీద చెయ్యి వేసి, మూత మూసేశాడు. ఆమెకి అర్థం కాలేదు. మళ్ళీ తీయబోయింది. ఆయన ఆమె పిడికిలిని తన పిడికిట్లో బిగించి పట్టుకుని, స్టేజీ వైపు చూసి తల ఊపాడు.

జెరూషా లేచింది. చప్పట్లు మొదలు కాకుండా అరచెయ్యి ఎత్తి జనాన్ని ఆపింది.

"ఒక్క నిమిషం," అంది. మైకు లేకపోయినా ఆమె గొంతు చివరి వరస దాకా వెళ్ళింది. "నాకు పియానో నేర్పింది మా నాన్న. నేర్పే రోజుల్లో ఆయనకి ఒక్క స్వరం కూడా వినపడేది కాదు. ఇవాళ మొదటిసారి విన్నారు. విన్న ఆ చెవులు మా అక్క ఇచ్చింది. డాక్టర్ నయోమి. అదిగో, ఆయన పక్కనే కూర్చుంది." ఆమె తండ్రి వైపు తిరిగింది. "నాన్న ఒకటే అడిగారు. ఈ చప్పట్లు నాక్కాదు, అక్కకి కొట్టించమన్నారు. గట్టిగా కొట్టండి. ఆయనకి వినపడాలి."

ముందు వరసల్లో ఎవరో మొదలుపెట్టారు. తర్వాత హాలంతా అందుకుంది. వరసలు వరసలుగా తలలు వెనక్కి తిరిగాయి. కుర్చీలు కిర్రుమన్నాయి, మనుషులు లేచారు.

నయోమి రెండు అరచేతులతో తండ్రి చెవులు మూసేసింది. "నాన్నా, వద్దు! ఇంత చప్పుడు తట్టుకోలేవు, ఉన్నదంతా పోతుంది!"

ఆయన ఆమె మణికట్లు పట్టుకుని చేతులు కిందికి దించాడు. వారాల తర్వాత మొదటిసారి నోరు తెరిచి మాట్లాడాడు. "దానికి ఊరూరా కొడతారే. ల్యాబులో నీకెవరు కొడతారు? ఒక్కసారి నన్ను విననియ్యి."

"మిగిలింది మనం మాట్లాడుకోవడానికి దాచాను నాన్నా," అంది నయోమి. ఎవరికీ చెప్పని మాట ఆ చప్పట్ల మధ్య బయటికొచ్చేసింది.

ఆయన పెదవుల వైపు చూడకుండానే విన్నాడు. ఆమె ముఖం వైపు చూశాడు. "నీ గొంతు మీ అమ్మ గొంతులా ఉంది," అన్నాడు. "చాలమ్మా. లే. లేచి నిలబడు. నీకు కొడుతుంటే కూర్చుంటావేం?"

ఆమె లేచింది. తన కోసం ఇంతమంది నిలబడటం ఆమె జన్మలో చూడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. స్టేజీ మీద జెరూషా కూడా చప్పట్లు కొడుతోంది, బుగ్గల మీద కన్నీళ్ళు తుడుచుకోకుండా. అవతలి పక్క ఫర్జానా ఈల వేసింది. పరీక్షల గదిలో గుసగుసలాడే ఫర్జానా రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని వీధి పిల్లలా ఈల వేసింది.

దేవసహాయం మాస్టారు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. తల కొంచెం పక్కకి వంచి, వానని వినే మనిషిలా విన్నాడు. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. కాసేపయ్యాక కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఇంకాస్త ముందుకు వంగాడు. ఇంకాస్త.

"అప్పుడే ఆపేస్తున్నారేం?" అన్నాడు.

ఎవరూ ఆపలేదు. హాలు ఇంకా దద్దరిల్లుతూనే ఉంది.

నయోమి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. ఆయన కళ్ళు తెరిచాడు. ఆమె పెదవులు నెమ్మదిగా కదిపింది. "ఆపలేదు నాన్నా. ఇంకా కొడుతున్నారు."

మాస్టారు చుట్టూ చూశాడు. వందల చేతులు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. ఆయనకి సంగతి తెలిసింది. ఒక్క క్షణం ముఖం వాడింది. చెవి వెనక గుండీని వేలితో తడిమి, "గీత వచ్చిందా? పూర్తిగా వచ్చిందా?" అని అడిగాడు.

ఆమె ఒళ్ళోంచి జారిపోయిన ఫోను కోసం సీటు కింద వెతికింది. గీత మొదటి నుంచి చివరి దాకా ఉంది. ఎక్కడా తెగలేదు. సొనాటా ఉంది, తుఫాను ఉంది, చప్పట్ల దగ్గర నిటారుగా దిగిన కొండ ఉంది, ఆ కొండ మధ్యలో ఆమె అన్న ఒక్క మాటకి వణికిన చిన్న మెలిక కూడా ఉంది. ఆమె తలూపింది. ఆయన తృప్తిగా కోటు సర్దుకున్నాడు.

చప్పట్లు తగ్గి జనం కదలడం మొదలుపెట్టారు. ముందు వరసలోని పెద్దమనిషి ఒకాయన వెనక్కి తిరిగి మాస్టారికి నమస్కారం పెట్టాడు. మాస్టారు లేచి, నయోమి భుజం మీద చెయ్యి వేసి ముందుకు లాగాడు. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకి ఇక తెలిసే వీల్లేదు. బయట మెట్ల మీద ఉన్నవాళ్ళు కూడా ఆగి వెనక్కి చూసేంత గట్టిగా అన్నాడు.

"మా పెద్దమ్మాయండీ! సైంటిస్టు!"

"ఇప్పుడే చెప్పారు కదండీ, విన్నాం," అన్నాడు ఆ పెద్దమనిషి నవ్వుతూ.

మాస్టారు ఆయన పెదవులు చూడలేదు. అప్పటికే ఆ పక్కనున్న ఆవిడ వైపు తిరిగాడు. "మా పెద్దమ్మాయండీ," అని మళ్ళీ మొదలుపెట్టాడు. నయోమి ఆయన్ని ఆపలేదు.